గోడ నేల దాకా దిగాలి: సీఎండీఏ సభ్య కార్యదర్శికి బహిరంగ లేఖ

చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ సభ్య కార్యదర్శి గారికి,
తాళముత్తు నటరాజన్ మాళిగై, ఎగ్మోర్, చెన్నై.



2001 సెప్టెంబరు 25 రాత్రి ఎనిమిది దాటాక పుదుచ్చేరికి ఎదురుగా సముద్రం అడుగున భూమి కదిలింది. తీవ్రత 5.5. ఆ కుదుపు చెన్నై దాకా తెలిసి, అపార్ట్‌మెంట్ల జనం మెట్లు దిగి వీధుల్లోకి వచ్చేశారు. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ అల రాకముందే సుమత్రా భూకంపం ఈ నగరాన్ని ఒకసారి ఊపింది. 2012 ఏప్రిల్ 11న మళ్ళీ సుమత్రా వైపే 8.6 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఆఫీసులు ఖాళీ చేసి ఉద్యోగులు రోడ్ల మీద నిలబడ్డారు. 2021 ఆగస్టు 24 మధ్యాహ్నం కాకినాడకు ఆగ్నేయంగా బంగాళాఖాతంలో వచ్చిన 5.1 తీవ్రత కంపనం కూడా చెన్నైలో తెలిసింది.

ప్రతిసారీ నగరం కాసేపు భయపడింది, తర్వాత పనుల్లో పడిపోయింది. చెన్నైకి పెద్ద భూకంపం రాదన్న నమ్మకం అలా గట్టిపడుతూ వచ్చింది. ఆ నమ్మకం మీదే వేళచ్చేరి నుంచి కొళత్తూరు దాకా, నంగనల్లూరు నుంచి అన్నానగర్ దాకా ‘స్టిల్ట్ ప్లస్ ఫోర్’, ‘స్టిల్ట్ ప్లస్ ఫైవ్’ భవనాలు లేస్తున్నాయి. కింద కార్లు, పైన కాపురాలు. వాటి ప్లాన్లు మీరు అమలుచేసే నిబంధనల కిందే అనుమతి పొందుతాయి. ఆ ప్లాన్ల నేల అంతస్తులో కనబడని గోడ గురించే ఈ లేఖ.

పుదుచ్చేరి కుదుపుకు ఎనిమిది నెలల ముందు, అదే ఏడాది జనవరి 26 ఉదయం, కచ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 13,800 మందికి పైగా చనిపోయారు. భుజ్, భచావు, అంజార్ శిథిలాల ఫొటోలే అందరికీ గుర్తున్నాయి. చెన్నై దృష్టి పెట్టవలసింది మాత్రం అహ్మదాబాద్ మీద. భూకంప కేంద్రానికి సుమారు 225 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరంలో వందకు పైగా కాంక్రీటు భవనాలు కూలిపోయాయి. వాటిలో ఎక్కువ వాటిది ఒకే పోలిక: నేల అంతస్తు పార్కింగ్ కోసం ఖాళీగా వదిలి, పైన ఇటుక గోడలతో ఇళ్ళు కట్టినవి. పై అంతస్తులు దాదాపు అలాగే ఉండి, పార్కింగ్ స్తంభాలు విరిగి, భవనం మొత్తం కార్ల మీద కూర్చుంది. నిద్ర లేచి రిపబ్లిక్ డే కవాతు చూడటానికి టీవీ పెట్టుకున్న కుటుంబాలు ఆ ఇళ్ళలో ఉన్నాయి.

అహ్మదాబాద్ మన భూకంప పటంలో మూడో జోన్. చెన్నై కూడా ఇప్పుడు మూడో జోనే.

ఈ సంగతి నగరంలో చాలామందికి తెలియదు. భారతీయ ప్రమాణాల సంస్థ భూకంప కోడ్ ఐఎస్ 1893 మొదట 1962లో వచ్చింది. 1984 సంచికలో మద్రాసు రెండో జోన్‌లో ఉండేది. 2002లో వచ్చిన సవరణ నగరాన్ని మూడో జోన్‌కు పెంచింది. జోన్ గుణకం 0.10 నుంచి 0.16కి వెళ్ళింది. అంటే భవనాన్ని పక్కకు తోసే బలాన్ని లెక్కకట్టేటప్పుడు తీసుకోవలసిన అంకె 60 శాతం పెరిగింది. టీనగర్, అడయారు, కీల్పాక్, కోడంబాక్కంలలో అంతకుముందు కట్టిన ఫ్లాట్లన్నీ ఆ రోజుతో పాత లెక్క భవనాలైపోయాయి. వాటిలో ఉంటున్నవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నేల కదిలినప్పుడు భవనంలో జరిగేది ఏమిటో ఒకసారి చూద్దాం. భూకంపం భవనాన్ని పైనుంచి నెట్టదు. దాని కాళ్ళ కింది నేలను అటూ ఇటూ లాగుతుంది. స్లాబులు, వాటి మీది బరువులు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. ఆ పెనుగులాట నుంచి పుట్టే అడ్డబలం పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు పోగవుతూ దిగుతుంది. అన్నిటికన్నా ఎక్కువ మోయవలసింది నేల అంతస్తే. పై ఇళ్ళలో గది గదికీ ఇటుక గోడలున్నాయి. డిజైన్ లెక్కలో వాటిని చాలాసార్లు ఉత్త బరువుగానే రాసుకుంటారు, కాని అవి స్తంభాల మధ్య బిగుసుకుని ఆ అంతస్తులను గట్టిపరుస్తాయి. అందుకే కుదుపు వచ్చినప్పుడు పైనున్న నాలుగైదు అంతస్తులు కలిసి ఒక్క దిమ్మలా కదులుతాయి. వంగవలసిన వంపు అంతా స్టిల్ట్ స్తంభాల తలల దగ్గర, పాదాల దగ్గర జమపడుతుంది. ఇంజనీర్లు దీన్నే సాఫ్ట్ స్టోరీ అంటారు. ఆ స్తంభాలు ఎలాంటివి? ఇటుక గోడలోంచి బయటికి పొడుచుకు రాకూడదని మన దగ్గర ఏళ్ళ తరబడి తొమ్మిది అంగుళాల వెడల్పుతోనే పోస్తూ వచ్చారు. భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీటు పని ఎలా ఉండాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920. 2016లో వచ్చిన దాని కొత్త సంచిక స్తంభం ఏ వైపూ 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదంది.

గోడ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఒక అట్టముక్క చాలు. దాన్ని నిలువుగా పట్టుకుని ముఖం మీద వేలితో నెడితే వంగిపోతుంది. అంచు మీద, దాని పొడవు వెంబడి నెడితే కదలదు. కాంక్రీటు గోడ కూడా అంతే: తన పొడవు దిశలో వచ్చే బలాన్ని స్తంభం ఎన్నడూ ఆపలేనంతగా ఆపుతుంది, అడ్డంగా వచ్చే బలానికి మాత్రం లొంగుతుంది. అందుకే గోడలు రెండు దిశల్లోనూ కావాలి. వీటినే షియర్ వాల్స్ అంటున్నాం. రెండు పొరల కడ్డీలతో, పునాది నుంచి పై స్లాబు దాకా ఒకే వరసలో, ఎక్కడా తెగకుండా లేవాలి. ఇటుక అడ్డుగోడతో వాటిని కలిపి చూడకూడదు. ఇటుక గోడ ఇంటిని గదులుగా విడదీస్తుంది. షియర్ వాల్ ఇంటిని నిలబెడుతుంది.

ఐఎస్ 1893 ఈ విషయంలో మౌనంగా లేదు. కచ్ భూకంపం తర్వాత ఏడాదికే వచ్చిన 2002 సంచిక, నేల అంతస్తు ఖాళీగా వదిలితే అక్కడి స్తంభాలను, బీములను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయమంది. లేదంటే ఒకటిన్నర రెట్ల బలానికి సరిపడే షియర్ వాల్స్ పెట్టమంది. 2016 సంచిక ఇంకా స్పష్టంగా మాట్లాడింది. ఖాళీ అంతస్తు గట్టిదనం పై అంతస్తులో 80 శాతానికి తగ్గకూడదు. కాంక్రీటు గోడలు పెట్టినచోట, మూడు, నాలుగు, ఐదు జోన్లలో, ఒక్కో దిశకు వాటి అడ్డుకోత విస్తీర్ణం అంతస్తు విస్తీర్ణంలో కనీసం రెండు శాతం ఉండాలి. ఐఎస్ 13920 ప్రకారం గోడ మందం 150 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ఆ రెండు శాతం ఎంతో చెన్నై కొలతల్లో చూడాలి. ఇక్కడ ఒక గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు. ఆ స్థలంలో అంతస్తుకు 1,200 చదరపు అడుగుల భవనం వేశారనుకుందాం. రెండు శాతం అంటే 24 చదరపు అడుగులు. ఎనిమిది అంగుళాల మందం గోడైతే ఒక్కో దిశలో మొత్తం 36 అడుగుల పొడవు. వినగానే బిల్డరు గుండె గుభేలుమంటుంది, పార్కింగ్ పోయిందని. కాగితం మీద పెట్టి చూస్తే పోదు. కారు నిలిచే దిశలో, రెండు కార్ల మధ్య ఎలాగూ స్తంభాల వరస ఉంటుంది. అక్కడ స్తంభం నుంచి స్తంభానికి గోడ పోస్తే కారు తలుపు తీయడానికి కాస్త జాగ్రత్తగా కొలిచి వదలాలి, అంతే. రెండో దిశలో వెనక హద్దు వైపు ఒక గోడ, మెట్ల పక్కన ఒకటి, లిఫ్టు చుట్టూ ఒకటి. మొదటి గీత గీస్తున్నప్పుడే ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇది సాధ్యం. కార్ల లెక్క తేలి, ఫ్లాట్లు అమ్ముడైపోయి, అప్పుడు ఇంజనీరును పిలిస్తే అసాధ్యం. అందుకే ఇది అనుమతి దశలో తేలవలసిన విషయం. అనుమతి మీ చేతిలో ఉంది.

గోడల విలువ తెలుసుకోవాలంటే చిలీ దేశాన్ని చూడాలి. అక్కడ ఎత్తయిన భవనాలను గోడలతోనే కట్టడం దశాబ్దాల అలవాటు. 1985 మార్చిలో వచ్చిన పెద్ద భూకంపంలో వీన్యా దెల్ మార్ నగరంలోని అలాంటి భవనాలు చాలావరకు చిన్న దెబ్బలతో బయటపడ్డాయి. పరిశోధకులు కొలిచి చూస్తే వాటిలో గోడల విస్తీర్ణం ఒక్కో దిశకు సగటున మూడు శాతం దాకా ఉంది. 2010 ఫిబ్రవరి 27న 8.8 తీవ్రతతో మళ్ళీ వచ్చింది. ప్రపంచం నమోదు చేసిన అతి పెద్ద భూకంపాల్లో అదొకటి. అయినా కుప్పకూలిన ఎత్తయిన భవనాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాన్సెప్సియోన్‌లో ఆల్తో రియో అనే పదిహేను అంతస్తుల భవనం వెనక్కి పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు.

చిలీ అనుభవంలో చెన్నైకి ఇంకా దగ్గరి పాఠం ఉంది. 2010 నాటికి అక్కడా గోడలు పలచబడ్డాయి. పార్కింగ్ అంతస్తులో కార్లు తిరగడానికి వీలుగా, పైన పొడవుగా ఉన్న గోడను కింద కుదించి పోయడం మొదలైంది. జెండా ఆకారంలో ఉంటాయని వాటికి జెండా గోడలని పేరు. సరిగ్గా ఆ కుదించిన చోటే చాలా గోడలు చిట్లాయి, అంచుల్లోని కడ్డీలు వంకర తిరిగాయి. 2011లో చిలీ తన డిజైన్ నిబంధనలను మార్చేసింది. ఆకర్షణీయమైన పేర్లతో, ఇటాలియన్ టైల్స్‌తో అమ్మే మన అపార్ట్‌మెంట్లలోనూ పైన ఉన్న గోడ కింద కారు కోసం తప్పుకుంటూనే ఉంది.

ఇక నేల సంగతి. పటంలో చెన్నై మొత్తానికి ఒకే జోన్ అంకె ఉన్నా, నగరం కింద నేల ఒకటి కాదు. సెయింట్ థామస్ మౌంట్, గిండి వైపు చార్నకైట్ రాయి పైకే ఉంది. తీరం వెంబడి ఇసుక. అడయారు, కూవం నదుల పక్కన ఒండ్రు, బంకమన్ను. పళ్ళికరణై చిత్తడిని పూడ్చి పైకి తెచ్చిన దక్షిణాది శివార్లలో మెత్తటి నేల మీద మట్టి దిబ్బ. మెత్తటి నేల కంపనాన్ని పెంచి పైకి పంపుతుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో వేలమంది చనిపోయినప్పుడు భూకంప కేంద్రం అక్కడికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత సరస్సు అడుగున పేరుకున్న బంకమన్ను మీది భవనాలే ఎక్కువగా కూలాయి. చెన్నై నేల పొరల ప్రభావం మీద ఐఐటీ మద్రాసులో ఎ. భూమినాథన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2008లోనే అచ్చయింది. ఒకే ప్లాను, ఒకే మందం గోడ, ఒకే రకం పునాది గిండి రాతి మీదా పెరుంబాక్కం బంకమన్ను మీదా సరిపోతాయనుకోవడం ఆ శాస్త్రాన్ని పక్కన పెట్టడమే.

అయితే గోడ పోస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని ఈ లేఖ చెప్పడం లేదు. తప్పుచోట పెట్టిన గోడ కీడు చేస్తుంది. భవనంలో ఒక మూలన లిఫ్టు గోడలు మాత్రమే కాంక్రీటువై, మిగతా మూడు మూలల్లో ఉత్త స్తంభాలే ఉంటే, కుదుపు వచ్చినప్పుడు భవనం ఆ మూల చుట్టూ మెలి తిరుగుతుంది. దూరపు మూలలోని స్తంభాలు ముందు విరుగుతాయి. అహ్మదాబాద్‌లో ఇంకో దృశ్యం కనబడింది. కొన్ని భవనాల్లో లిఫ్టు గోడలను మిగతా కట్టడంతో గట్టిగా కలపలేదు. సన్నటి స్లాబు, నాలుగు కడ్డీలతో అంటించి వదిలేశారు. భవనం కూలింది, లిఫ్టు గూడు ఒంటరిగా నిలిచింది. మోయవలసిన గోడకు బలం అందనే లేదు. కాబట్టి గోడలు భవనానికి ఇరువైపులా సమంగా పంచి ఉండాలి, స్లాబులతో, బీములతో కలిసి పోయాలి, అన్నిటినీ పట్టి ఉంచే పునాది ఉండాలి. కిటికీలు, తలుపులు ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో రావాలి. గోడ రెండు చివర్లలో నిలువు కడ్డీలను దగ్గర దగ్గరగా రింగులతో బిగించాలి, ఆ రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంగి ఉండాలి. కొక్కెం 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తే కాంక్రీటు పొర ఊడగానే రింగు తెరుచుకుంటుంది. కడ్డీలు వంచే కార్మికుడికి ఇది చూపించి చెప్పేవాళ్ళు ఉంటే ఒక్క పూట పని.

ఇటుక గోడల గురించీ ఒక మాట. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలు, టెర్రస్ పిట్టగోడలు కుదుపుకు పక్కకు ఒరిగి మీద పడతాయి. వాటిని స్తంభాలకు పట్టి ఉంచే ఏర్పాటు చవకైనదే. ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళకైతే ప్లింత్ దగ్గర, లింటెల్ దగ్గర, పైకప్పు దగ్గర ఇంటి చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీలు చాలా మేలు చేస్తాయి, రూర్కీలో ఎ.ఎస్. ఆర్య తరం ఇంజనీర్లు దశాబ్దాల క్రితమే తేల్చిన సంగతి ఇది. గాంధీనగర్ ఐఐటీ తన కొత్త క్యాంపస్‌లో ఇటుక గోడలను ముందు కట్టి, వాటి మూలల్లో కాంక్రీటు పోసి బిగించే కన్‌ఫైన్డ్ మేసన్రీతో సిబ్బంది ఇళ్ళు, హాస్టళ్ళు కట్టుకుంది.

తక్కువ జోన్ అన్న భరోసా ఎంత బలహీనమో తెలుగు నేల పొరుగునే రుజువైంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో వేలమంది తమ ఇళ్ళ రాతి గోడల కిందే చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్. తెలుగు నేల మీదే 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు కంపించాయి. ములుగు తీవ్రత 5.3, హైదరాబాద్‌లోనూ తెలిసింది. నెల్లూరు, విజయవాడ చెన్నైలాగే మూడో జోన్‌లో ఉన్నాయి. అక్కడా కింద కార్లు, పైన కాపురాలే. చెన్నై ఒక మంచి నియమం పెడితే దాన్ని నెల్లూరు చూస్తుంది, విజయవాడ చూస్తుంది.

ఈ లేఖ తెలుగులో రావడానికి ఇంకో కారణం ఉంది. 2014 జూన్ 28 సాయంత్రం పోరూరు దగ్గర మౌళివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు. అది భూకంపం కాదు. భూమి కదలకుండానే కూలింది. పక్కనే ఉన్న జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేల్చి పడగొట్టారు. ఇచ్ఛాపురం, పలాస, చీపురుపల్లి వైపు నుంచి రైలెక్కి వచ్చి ఈ నగరానికి స్లాబులు పోసేవాళ్ళు ఈ రోజుకీ ఉన్నారు. వాళ్ళు పోసిన కాంక్రీటు కిందే వాళ్ళు సమాధి కాకూడదు. ఆ ఇళ్ళలోకి అప్పు చేసి చేరినవాళ్ళూ కాకూడదు. డ్రాయింగులో గోడ ఉందా లేదా అన్నది తాపీ మేస్త్రీ తేల్చేది కాదు, కొనుక్కునే గుమాస్తాకు తెలిసేదీ కాదు. అందుకే చూడవలసిన కళ్ళు మీవి.

పరిజ్ఞానం కోసం మీరు ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. తరమణిలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రిసెర్చ్ సెంటర్ ఉంది. భవన నమూనాలను కదిలే బల్ల మీద పెట్టి, భూకంపంలా ఊపి పరీక్షించే ప్రయోగశాల అక్కడ ఉంది. దాని పొరుగునే ఐఐటీ మద్రాసు. సామాన్యుడికి అర్థమయ్యేలా భూకంప పాఠాలు రాసిన సి.వి.ఆర్. మూర్తి అక్కడ బోధించారు. స్టిల్ట్ భవనాల ప్రమాదం గురించీ, షియర్ వాల్స్ ఎందుకు మేలో దాని గురించీ రెండు దశాబ్దాల క్రితమే బొమ్మలు గీసి మరీ వివరించారాయన. అదే క్యాంపస్‌లో 2013లో, ఎరువుల కర్మాగారాల్లో మిగిలిపోయే జిప్సంతో చేసిన బోలు పలకలను గోడలుగా నిలిపి, వాటి గూళ్ళలో కడ్డీలు దించి కాంక్రీటు నింపి, నాలుగు ఫ్లాట్ల రెండంతస్తుల ఇంటిని దాదాపు నెల రోజుల్లో కట్టి చూపించారు. అందులో స్తంభాలూ బీములూ ఉండవు, గోడే అంతా మోస్తుంది. ఆ పద్ధతిలో నెల్లూరులోనూ ప్రదర్శన ఇళ్ళు లేచాయి. శివార్లలో పెద్ద బిల్డర్లు అల్యూమినియం సెంట్రింగ్‌తో, వాళ్ళ మాటల్లో ‘మైవాన్’తో, గోడా స్లాబూ కలిపి ఒకేసారి పోస్తున్నారు. అంటే గోడలతో ఇల్లు కట్టడం ఈ నగరానికి చేతకాని పని కాదు. ఒక గ్రౌండ్, రెండు గ్రౌండ్ల స్థలాల్లో కట్టే చిన్న బిల్డర్ల దగ్గరికే ఆ అలవాటు చేరలేదు.

ఇప్పుడు సమయం కూడా కలిసివచ్చింది. తమిళనాడు అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 2022 ప్రకారం మూడింట రెండొంతుల యజమానులు ఒప్పుకుంటే పాత ఫ్లాట్లను పడగొట్టి కొత్తవి కట్టుకోవచ్చు. 1980లలో, 90లలో కట్టిన మూడంతస్తుల ఇళ్ళు ఒక్కొక్కటే దిగి, వాటి స్థానంలో ఇంకా ఎత్తయినవి రాబోతున్నాయి. 2019 ఉమ్మడి అభివృద్ధి, భవన నిబంధనలు 18.30 మీటర్ల దాకా ఎత్తును హైరైజ్ కిందికి తీసుకురావు. ఆ ఎత్తు లోపలే స్టిల్ట్ భవనాల్లో సింహభాగం ఉంది. ఇప్పుడు వేసే గోడ మరో యాభై ఏళ్ళు ఉంటుంది. ఇప్పుడు వేయకపోతే ఆ లోటూ యాభై ఏళ్ళు ఉంటుంది.

ఈ లేఖ అడిగేది పెద్ద ఖర్చు పెట్టమని కాదు. అనుమతికి వచ్చే ప్రతి స్టిల్ట్ భవనం ప్లానుతో ఒక గోడల పటం తప్పనిసరి చేయండి: పునాది నుంచి పై స్లాబు దాకా ఏ కాంక్రీటు గోడ ఎక్కడ లేస్తుందో, ఏ అంతస్తులోనైనా తెగుతుందో లేదో, ఒక్కో దిశకు ఎంత శాతం వచ్చిందో అందులో ఉండాలి. దాని కింద స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం, పక్కనే ఆ స్థలం మట్టి పరీక్ష ఫలితం. స్టిల్ట్ స్లాబు పోయకముందు గోడల కడ్డీలను, కొక్కేలను ఒకరు వచ్చి చూసి, ఫొటోలతో దస్త్రంలో పెట్టాలి. కాంక్రీటు పడిపోయాక ఎవరికీ ఏమీ కనబడదు. ఎత్తయిన, ఎక్కువ కుటుంబాలుండే భవనాల డిజైన్‌ను ఇంకో ఇంజనీరు, బిల్డరు డబ్బు ముట్టనివాడు, తిరిగి చూడాలి. ఫ్లాటు కొన్నవాళ్ళకు తాళంచెవితో పాటు ఆ గోడల పటం ఇవ్వాలి. హాలు పెద్దది చేసుకుందామని సుత్తి పట్టుకునే ముందు ఏ గోడను ముట్టకూడదో ఇంటి యజమానికి తెలియాలి.

పాత స్టిల్ట్ భవనాల గురించి మాట్లాడటం కష్టం, వాటిలో మనుషులున్నారు కాబట్టి. అయినా మాట్లాడక తప్పదు. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్‌లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో కింది అంతస్తు నలిగి 16 మంది చనిపోయారు. బలహీనమైన నేల అంతస్తులున్న చెక్క భవనాలను గట్టిపరచడం శాన్ ఫ్రాన్సిస్కో 2013లోనూ, లాస్ ఏంజెలెస్ 2015లోనూ తప్పనిసరి చేశాయి. ముందు జాబితా తయారు చేశారు, తర్వాత యజమానులకు గడువులిచ్చారు. చెన్నై కూడా జాబితాతో మొదలుపెట్టవచ్చు. మెత్తటి నేల మీదివి, 2002కి ముందువి, స్తంభాలు సన్నగా ఉన్నవి ముందు. పార్కింగ్‌లో ఎంచిన స్తంభాల మధ్య కొత్త పునాదితో కాంక్రీటు గోడలు దించడం, స్తంభాలకు కాంక్రీటు తొడుగు వేయడం పైన కాపురాలుండగానే చేయగల పనులు. ఆస్తి పన్నులో కొంత తగ్గింపు, తక్కువ వడ్డీ అప్పు, ఉచితంగా ఒక ఇంజనీరు సలహా దొరికితే ఫ్లాట్ల సంఘాలు ముందుకు వస్తాయి. కారు పెట్టుకునే చోటు ఒకటి పోయినా ఒప్పుకుంటాయి, ఎందుకో అర్థమయ్యేలా చెబితే.

మీ నుంచి మూడు ప్రశ్నలకు జవాబు కోరుతున్నాం. 2016 కోడ్ ఖాళీ అంతస్తుల గురించి అడిగిన షరతులు అనుమతి ఇచ్చే ముందు మీ కార్యాలయంలో ఎవరు, ఏ కాగితం చూసి సరిపోల్చుతున్నారు? మహానగర పరిధిలో స్టిల్ట్ భవనాల లెక్క తీయించే పని తరమణి కేంద్రానికో, ఐఐటీకో ఎప్పుడు అప్పగిస్తారు? గోడల పటాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఎప్పటికి తేగలరు? జవాబు తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో మీ నోటీసు బోర్డు మీద పెట్టిస్తే, స్లాబు పోసేవాళ్ళూ అందులో ఉండబోయేవాళ్ళూ చదువుకుంటారు.

ఇట్లు,
చెన్నైలోని తెలుగు కుటుంబాల తరఫున